అయ్యకోనేరు దగ్గర పాత మండువా ఇల్లు: అద్దెకున్నవారిని పంపకుండా, ఇంటి రూపు చెడకుండా బాగుచేయించడం ఎలా?

కోనేటిగట్టు
విజయనగరంలో అయ్యకోనేరుకు దగ్గరలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి ఉంది. వీధి అరుగు దాటితే నడవ, నడవ దాటితే మండువా, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వెనుక వంటిల్లు, పెరట్లో నుయ్యి ఉన్నాయి. ముందు భాగమంతా పెంకు కప్పు. వెనుక రెండు గదుల మీద మాత్రం టేకు దూలాలు పరిచి, సన్న ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మిద్దె ఉంది. మా నాన్నగారి కాలంలోనే దీనిని మూడు వాటాలు చేసి అద్దెకు ఇచ్చారు. ముందు వాటాలో ఉన్న విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు నా చిన్నతనం నుంచీ అక్కడే ఉంటున్నారు. మిగిలిన రెండింటిలో చిరుద్యోగుల కుటుంబాలు ఉన్నాయి. మూడు వాటాలకూ కలిపి నెలకు వచ్చే అద్దె 14,000 రూపాయలు.

ఇప్పుడు గోడలు నడుమెత్తు వరకు చెమ్మెక్కాయి. పదేళ్ళ కిందట వేయించిన సిమెంటు ప్లాస్టరు పెచ్చులుగా ఊడుతోంది. మిద్దె గదుల్లో ఒకటి వానాకాలమంతా కారుతూనే ఉంది, అందులో ఒక దూలం గోడలోకి దిగే చోట మేకు గుచ్చితే సగం వరకు దిగిపోతోంది. ఒక కాంట్రాక్టరును పిలిచి చూపిస్తే, అరుగు మీద నుంచే లోపలికి తొంగి చూసి, పడగొట్టి రెండంతస్తులు లేపుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య మాట కూడా అదే. వీధి గుమ్మం ద్వారబంధం మీద చిలకలు, తామర తీగలు చెక్కి ఉన్నాయి. మండువా స్తంభాల్లో ఒక్కటీ చెడలేదు. వాటిని కలప లెక్కన అమ్మేయడానికి నాకు మనసొప్పడం లేదు, అలాగని జీతం మొత్తం ఆ ఇంటికే ధారపోసే స్తోమతూ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, అద్దెకున్నవారిని ఏం చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఫ్లాటుసుఖం
ఆ కాంట్రాక్టరు అరుగు మీద నుంచి చెప్పినా సరిగ్గానే చెప్పాడు. ఊరి నడిబొడ్డున అంత స్థలం పెట్టుకుని నెలకు 14,000 తీసుకోవడం స్థలాన్ని పడుకోబెట్టడమే. అదే చోట ఆరు వాటాలు కట్టి, కింద రెండు దుకాణాలు తీస్తే పెట్టుబడి తిరిగి రావడానికి ఎంతో కాలం పట్టదు. చిలకల ద్వారబంధాన్ని తీసి కొత్త ఇంటి హాలులో గోడకు బిగించుకోండి, తాతగారి గుర్తు కూడా మిగులుతుంది.

పెంకుటింటి_కోడలు
ద్వారబంధాన్ని గోడకు బిగించుకుంటే దానిలోంచి ఎవరు లోపలికి వస్తారండీ, బల్లులు తప్ప?

తాపీ_సూరి
నేను నెల్లిమర్ల వైపు వాడిని, మా తాత, నాన్న సున్నం పనివాళ్ళు, నేను సిమెంటు పనీ చేస్తాను, సున్నం పనీ చేస్తాను. కోనేటిగట్టు గారు చెప్పిన లక్షణాలన్నీ వింటుంటే ఆ గోడలకు పట్టిన రోగం ఆ పదేళ్ళ నాటి ప్లాస్టరుతోనే మొదలైందని అనిపిస్తోంది.

పాత గోడ ఇటుకా సున్నంతో కట్టినది. దానికి కింద తేమను ఆపే పొర ఉండదు, కాబట్టి నేలలోని చెమ్మ ఎప్పుడూ కొంత పైకి పాకుతూనే ఉంటుంది. పైన సున్నపు పూత, దాని మీద వెల్ల ఉన్నంతకాలం ఆ చెమ్మ వచ్చినది వచ్చినట్టు గాలికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు వేసి, ఆ పైన ప్లాస్టిక్ పెయింటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. నేలలోని లవణాలు దానితోపాటు వచ్చి ప్లాస్టరు వెనుక గడ్డకట్టి దానిని వెలుపలికి నెడతాయి. మీరు పిడికిలితో గోడను తట్టి చూడండి, ఎక్కడ డొల్లగా మోగుతుందో అక్కడ సిమెంటు ఇప్పటికే గోడను వదిలేసింది. అక్కడ పెచ్చు తీసి చూస్తే ఇటుక మీద తెల్లటి పొడి, నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. దూలం చివర మెత్తబడడానికి కూడా అదే కారణం కావచ్చు, ఎందుకంటే గోడలోపల ఉన్న కొసకు గాలి తగలకుండా సిమెంటుతో మూసేసి ఉంటారు.

చేయవలసినది ఏమిటంటే, ఆ సిమెంటును నెమ్మదిగా చెక్కి తీసేసి, గోడను కొన్నాళ్ళు అలాగే వదిలి ఆరనివ్వాలి. లవణం పైకి వచ్చినప్పుడల్లా పొడి కుంచెతో దులపాలి, నీళ్ళతో కడగకూడదు, కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఆ తరువాత సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపి, పలుచని పొరలుగా వేయాలి. నేలకు దగ్గరగా ఉన్న చోట ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపితే తడికి తట్టుకుంటుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపే పద్ధతి మా నాన్నకు వచ్చు. ఇప్పుడు సున్నం గానుగ తిప్పించే ఓపిక ఎవరికీ లేదు గానీ, పిండి మర వంటి మిక్సరు యంత్రంతో కూడా పని జరుగుతుంది.

ఫ్లాటుసుఖం
బెల్లం, కరక్కాయ, గుడ్డు సొన. ఇది గోడకు ప్లాస్టరా, బాలింతకు పథ్యమా?

తాపీ_సూరి
బాలింతకు పథ్యం పెట్టినట్టు పెట్టిన గోడలే వందేళ్ళు నిలబడ్డాయి బాబూ. మీ ఫ్లాటులో బాత్రూము గోడ అవతలి పక్క ఎలా ఉందో ఒకసారి చూసి రండి.

నాగావళి_ఒడ్డు
సూరి గారు చెప్పినదానికి మా ఇల్లు సాక్ష్యం. శ్రీకాకుళంలో మాది వరుస ఇళ్ళలో ఒక ఇల్లు, రెండు పక్కలా ఉమ్మడి గోడలు. ఏటి వరద తగ్గాక గోడ కిందిభాగం బాగులేదని మా పెదనాన్నగారు మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు వేయించారు. మూడడుగుల దగ్గర ఆగిన చెమ్మ ఐదడుగులకు ఎక్కింది. దానిపై ఐదడుగుల వరకు టైల్సు అతికించారు, చెమ్మ కిటికీ పైకమ్మీ దాకా వెళ్ళింది. పక్కింటివారు మాత్రం ఏటా సంక్రాంతికి వెల్ల వేస్తూ ఊరుకున్నారు. అదే ఏరు, అదే ఉమ్మడి గోడ, వాళ్ళ వైపు మాత్రం పొడిగానే ఉంది.

రాజాం_ఆర్కిటెక్ట్
ప్లాస్టరు గురించి తాపీ_సూరి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ క్రమం మార్చాలి. ముందు చూడవలసినవి ప్రాణాపాయం ఉన్నవి, తరువాత నీళ్ళు, ఆ తరువాతే పూతలు.

మేకు దిగిన దూలం కింద రేపే సరుగుడు బాదులతోనో ఇనుప జాకీలతోనో ఆసరా పెట్టించండి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. దూలం మొత్తం మార్చవలసిన అవసరం సాధారణంగా ఉండదు. టేకు దూలం నడుమ గట్టిగా ఉండి, గోడలో దిగిన కొస మాత్రమే కుళ్ళితే, కుళ్ళిన మేరకు కోసి, పాత టేకు ముక్కను రెండు పక్కలా ఇనుప పట్టీలు, బోల్టులతో జోడించవచ్చు. లేదా గోడలో ఒక రాతి మొట్టు (బయటికి పొడుచుకొచ్చే ఆసరా రాయి) దింపి దాని మీద దూలాన్ని ఆన్చవచ్చు. ఏది చేసినా కొస చుట్టూ గాలి ఆడేటంత సందు వదలాలి, మళ్ళీ సిమెంటుతో కూరకూడదు. మిగిలిన దూలాల కొసలు కూడా అదే మేకుతో ఒక్కొక్కటిగా పరీక్షించి, గది పటం గీసుకుని గుర్తు పెట్టుకోండి.

మిద్దె కారుతోందని చాలామంది దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు పోయిస్తారు. కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2,400 కిలోలు తూగుతుంది, అంటే నాలుగంగుళాల మందం వేస్తే చదరపు మీటరుకు 240 కిలోల కొత్త బరువు ఆ ముసలి దూలాల మీద పడుతుంది. పైగా అది కారడం ఆగదు, పగుళ్ళలోంచి దిగిన నీరు కిందికి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది, అంతవరకు కలప తడిసి ఉంటుంది. పైనున్న అరిగిపోయిన పొరను మాత్రం తీసి, ఇటుక ముక్కల జల్లి, సున్నం కలిపి దిమ్మిసతో బాగా కొట్టించి, నీరు తూము వైపు వాలేలా వాలు ఇప్పించి, పైన పలుచని బిళ్ళలు పరిపించడమే పద్ధతి. ముందుగా తూములో రావి మొక్క ఉందేమో చూడండి, నేను చూసిన ఇళ్ళలో సగం కారుడు అక్కడే ఉంటుంది.

కోనేటిగట్టు
రావి మొక్క ఉంది. తూములో కాదు, పిట్టగోడ మూలలో. దాన్ని పీకేస్తే సరిపోతుందా?

రాజాం_ఆర్కిటెక్ట్
పీకితే కాండం చేతికి వస్తుంది, వేరు గోడలో ఉండిపోయి మళ్ళీ చిగురిస్తుంది. ఆ మూల ఇటుకలు రెండు వరుసలు విప్పించి వేరుతో సహా తీయించి, మళ్ళీ సున్నంతోనే కట్టించండి.

రెండో_వాటా
నేను ఇంటి యజమానిని కాను, ఇలాంటి ఇంటిలోనే శ్రీకాకుళంలో చాలాకాలంగా అద్దెకు ఉంటున్నాను. ఇక్కడ అందరూ దూలాల గురించీ చిలకల గురించీ మాట్లాడుతున్నారు, ఆ ఇంటిలో బతికేవారి సంగతి ఎవరూ అడగలేదు. మండువా అందంగా ఉంటుంది, నిజమే. వానాకాలం రాత్రి పూట పెరట్లో ఉన్న మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఆ మండువా చుట్టూ తిరిగి, జారుడు గచ్చు మీద నడుచుకుంటూ, గొడుగు పట్టుకుని పోవాలి. మా అమ్మకు డెబ్భై దాటాయి. చెక్క బద్దీల మీద బిగించిన వైర్లు ఎప్పటివో తెలియదు, ఫ్రిజ్ ఆన్ చేస్తే ట్యూబులైటు ఒక్కసారి మిణుకుమంటుంది. అటక మీద ఎలుకల సంత. ఇవి బాగుచేయకుండా గుమ్మానికి పాలిష్ చేయిస్తే, ఆ ఇల్లు ఫొటోకు బాగుంటుంది, కాపురానికి కాదు.

కోనేటిగట్టు గారూ, మీరు మీ ముగ్గురు అద్దెదారులనూ కూర్చోబెట్టి ఏమి కావాలో అడిగారా?

కోనేటిగట్టు
మాస్టారిని అడిగాను, బాగుచేస్తే చాలు, మేము సర్దుకుంటామని అన్నారు. మిగిలిన ఇద్దరితో ఇంకా మాట్లాడలేదు. బాత్రూముల మాట మాత్రం మూడో వాటావారు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

పెంకుటింటి_కోడలు
మాస్టారు సర్దుకుంటామని చెప్పి ఉంటారు, పంతులమ్మ గారిని వేరుగా అడగండి.

రాజాం_ఆర్కిటెక్ట్
రెండో_వాటా గారి ఫిర్యాదు న్యాయమైనది. పాత ఇంటిలో కొత్త సౌకర్యాలు పెట్టడానికి మార్గం ఉంది. బాత్రూములను పాత గదుల్లోకి తీసుకురాకుండా, వెనుక వసారాకు ఆనుకుని పెరటి వైపు విడిగా కొత్త గోడలతో కట్టించి, పాత గోడకూ కొత్త గోడకూ నడుమ సందు వదిలి, పైన మాత్రం చిన్న కప్పుతో కలపవచ్చు. అప్పుడు గొడుగు అవసరం ఉండదు, బాత్రూము తడి పాత గోడకు తగలదు, ఎప్పుడైనా తీసేయాలన్నా పాత ఇంటికి గాయం కాదు. మురుగు గొట్టాన్ని నూతికి వీలైనంత ఎడంగా తిప్పాలి.

వైరింగు పూర్తిగా మార్చవలసిందే, దీనిలో రాజీ లేదు. సున్నపు గోడను గాడి కొట్టించకుండా, పైపైన గొట్టంలోనే తీసుకెళ్ళి, దూలం పక్కగానో ద్వారబంధం మూలగానో నడిపిస్తే కంటికి కూడా ఇబ్బందిగా ఉండదు. ఒక్కొక్క వాటాకు విడి మీటరు, విడి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్.సి.సి.బి. తప్పనిసరిగా ఉండాలి. తడి గోడలున్న ఇంటిలో అది లేకపోవడం ప్రమాదం.

ఉద్దానం_కొబ్బరి
పెంకు కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరిలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో అందరికీ తెలుసు. పెంకుటిళ్ళ సంగతి అంతగా ఎవరూ రాయలేదు. మా వీధిలో పెంకులు అన్ని చోట్లా సమానంగా లేచిపోలేదు. చూరు దగ్గరి మొదటి రెండు వరుసలు, కొప్పు పెంకులు, మూలవాసాల మీది పెంకులు ముందు లేచాయి, ఆ సందుల్లోంచి గాలి లోపలికి దూరి మిగతా కప్పును పైకి ఎత్తేసింది. ఆ వరుసలను గచ్చుతో పట్టించి, పెంకు అడుగున ఉండే చెవి రంధ్రానికి రాగి తీగ గానీ తుప్పు పట్టని తీగ గానీ వేసి రీపరుకు, అంటే పెంకుల కింది సన్న చెక్క పట్టీకి కట్టుకున్న ఇళ్ళకు చాలా తక్కువ నష్టం జరిగింది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ విజయనగరం వైపు కూడా ఇదే జరిగి ఉంటుంది.

పెంకు తీసినప్పుడే వాసాలకూ రీపర్లకూ చెదలు మందు కొట్టించండి. కట్టి ఉన్న ఇళ్ళకు చెదలు నివారణ ఎలా చేయాలో ఐ.ఎస్. 6313 అనే భారత ప్రమాణం మూడో భాగంలో ఉంటుంది, పనివాడికి ఆ మాట చెబితే మీకు ఊరికే స్ప్రే కొట్టి పోడు.

పెంకుటింటి_కోడలు
మా అత్తవారిల్లు బొబ్బిలి దగ్గర. మా పెంకుల మీద 1865 అని అచ్చు ఉంటుంది. మా ఇల్లు అంత పాతదని మా మామగారు వచ్చినవాళ్ళందరికీ పెంకు తిప్పి మరీ చూపిస్తారు.

రాజాం_ఆర్కిటెక్ట్
మామగారికి ఈ మాట చెప్పవద్దు గానీ, 1865 అనేది మంగుళూరులో బాసెల్ మిషన్ వారి పెంకుల కార్ఖానా మొదలైన సంవత్సరం. వాళ్ళు తరువాత దశాబ్దాలపాటు తయారుచేసిన పెంకుల మీద కూడా ఆ అంకెను అచ్చు వేశారు. ఇంటి వయసు పెంకు చెప్పదు, పాత దస్తావేజు చెబుతుంది.

పెంకుటింటి_కోడలు
చెప్పను. ఈ పండక్కి కూడా పెంకు తిప్పనివ్వండి పాపం.

లెక్కల_పంతులు
డబ్బు విషయం ఒకసారి తేల్చుకుందాం, ఎందుకంటే చివరకు మీ అన్నయ్యగారితో వాదించవలసింది దాని మీదే.

అద్దె ఆదాయం మీద పన్ను లెక్కించేటప్పుడు, మీరు ఆ ఏడాది చెల్లించిన ఇంటి పన్ను తీసేయగా మిగిలిన దానిలో 30 శాతం మరమ్మతుల నిమిత్తం నేరుగా మినహాయిస్తారు. మీరు లక్ష ఖర్చు పెట్టినా రూపాయి ఖర్చు పెట్టకపోయినా ఆ 30 శాతమే, కాబట్టి ఒకే ఏడాదిలో మొత్తం మరమ్మతులు చేయిస్తే పన్నులో అదనంగా కలిసి వచ్చేది లేదు. మీ 14,000 లెక్కన ఏడాదికి 1,68,000 వస్తుంది. అందులో 30 శాతం అంటే సుమారు 50,000. ప్రభుత్వమే ఏటా ఆ మేరకు ఇంటి మీద పెట్టమని చెబుతున్నట్టు భావించి, ఆ సొమ్మును విడిగా ఒక ఖాతాలో వేయండి. ఇన్నాళ్ళూ అది ఇంటి మీద పెట్టి ఉంటే ఈ రోజు ఇంత పని మిగిలేది కాదు, ఈ మాట మీ ఒక్కరికే కాదు, అద్దె ఇల్లున్న ప్రతివారికీ చెబుతాను.

కొత్త బాత్రూముల వంటివి మరమ్మతు కిందికి రావు, ఇంటి విలువ పెంచిన ఖర్చు కిందికి వస్తాయి. ఎప్పుడైనా అమ్మితే మూలధన లాభం లెక్కలో అవి ఉపయోగపడతాయి, కాబట్టి బిల్లులు దాచండి.

ఫ్లాటుసుఖం
పంతులు గారి లెక్క ప్రకారమే చూసినా ఏడాదికి 50,000తో దూలాలు, మిద్దె, వైరింగు, బాత్రూములు ఎప్పటికి పూర్తవుతాయి? అద్దె పెంచక తప్పదు. పెంచితే మాస్టారు ఉండలేరు. అంటే ఇంటిని కాపాడి మనుషుల్ని పంపేస్తారన్న మాట. దానికన్నా కొత్తది కట్టి, అందులో ఒక వాటా మాస్టారికి తక్కువ అద్దెకు ఇవ్వడం మేలు కదా.

రెండో_వాటా
కొత్తది కట్టి పాతవారికి తక్కువ అద్దెకు ఇచ్చిన యజమానిని నాకు ఒక్కరిని చూపించండి, వెళ్ళి దండ వేసి వస్తాను. అయినా ఫ్లాటుసుఖం గారు మొదటిసారి సరైన ప్రశ్న అడిగారు.

దాదరు_తెలుగువాడు
మాది చీపురుపల్లి, ఇప్పుడు ముంబయిలో ఉంటున్నాను. అద్దె బొత్తిగా పెంచకపోతే ఏమవుతుందో ఇక్కడ రోజూ కనిపిస్తుంది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయి దగ్గర కట్టిపడేసింది. అద్దెదారులకు మొదట మేలే జరిగింది. కానీ ఆ అద్దెతో రంగు కూడా వేయించలేని యజమానులు మరమ్మతులు మానేశారు, ఇళ్ళు కూలడం మొదలైంది, 1969లో ప్రభుత్వం మరమ్మతుల బోర్డు పెట్టి, సెస్సు వసూలు చేసి ఆ పని తన నెత్తిన వేసుకోవలసి వచ్చింది. అద్దె పెరగాలి, కానీ పనికి తగినట్టు, దఫదఫాలుగా పెరగాలి. బాత్రూము పూర్తయ్యాక కొంత, వైరింగు పూర్తయ్యాక కొంత అని ముందే కాగితం మీద రాసుకుంటే ఎవరికీ మోసపోయామని అనిపించదు.

లెక్కల_పంతులు
కాగితం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అందరూ పదకొండు నెలల ఒప్పందం రాసుకోవడం వెనుక కారణం, కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు ఒప్పందాన్ని రిజిస్టరు చేయవలసి ఉండడమే; మన రాష్ట్ర సవరణ ప్రకారం మాత్రం ఎంత కాలానికి రాసుకున్నా రిజిస్టరు చేయాలి. మీరు మరమ్మతులు విడతలవారీగా చేస్తున్నప్పుడు మూడేళ్ళకు ఒప్పందం రాసి రిజిస్టరు చేయించడం మంచిది. పని జరిగేటప్పుడు ఏ గది ఎన్నాళ్ళు ఖాళీ చేయాలో, ఆ కాలానికి అద్దె ఎంత తగ్గిస్తారో, పని అయ్యాక అదే వాటా తిరిగి వారికే ఇస్తారనీ అందులో స్పష్టంగా ఉండాలి. నోటి మాట మీద ఖాళీ చేసినవారు తిరిగి రాలేని ఉదంతాలు నాకు చాలా తెలుసు.

ముఖలింగం_వాసి
మీ ఇల్లు రక్షిత కట్టడాలకు దగ్గరలో లేదు కాబట్టి మీరు అదృష్టవంతులు. శ్రీముఖలింగం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తరువాత అలాంటి కట్టడానికి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. మా వైపు చాలామంది ఆ తతంగానికి భయపడి పెంకు కూడా మార్చక, చివరకు ఇల్లు ఒరిగాక బాధపడ్డారు. అయితే దరఖాస్తుతో పాటు ఫొటోలు, కొలతలు, ఏ సామగ్రి వాడతారో వివరంగా ఇస్తే మరమ్మతులకు అనుమతులు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆలయం చుట్టూ ఉన్న ఇళ్ళు కూడా ఊరి రూపంలో భాగమే. గుడి ఒక్కటి నిలిచి చుట్టూ డబ్బా ఇళ్ళు లేస్తే ఏమి మిగిలినట్టు?

నాగావళి_ఒడ్డు
మీకు నిషేధమైనా ఉంది. మా వీధిలో ఏ కట్టుబాటూ లేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీద కొత్త పొర వేయడమే తప్ప కిందిది తీసేవారు లేరు. ఒకప్పుడు మూడు మెట్లెక్కితే వచ్చే అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానంగా ఉంది, ఇంకోసారి వేస్తే వాన నీరు నడవలోకి నడిచి వస్తుంది.

రాజాం_ఆర్కిటెక్ట్
దీనికి చాలామంది లోపలి నేలను ఎత్తు చేస్తారు. అప్పుడు ద్వారబంధం సగం మట్టిలో కూరుకుపోయి కింది కమ్మీ చెదలుకు ఆహారమవుతుంది, తల పైకమ్మీకి తగులుతుంది. నేలను ఎత్తు చేయకుండా, అరుగు పక్కగా గులకరాళ్ళు నింపిన కాలువ తీసి వీధి కాలువలోకి కలపండి. గోడ అడుగున మట్టి, చెత్త పేరుకుంటే తీసేయండి. చెమ్మలో కొంత భాగం ఆ ఒక్క పనితోనే తగ్గుతుంది.

అహ్మదాబాదీ_తెలుగు
అహ్మదాబాదు పాత నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, మన దేశంలో ఆ గౌరవం పొందిన మొదటి నగరం అదే. ఇక్కడి పోళ్ళలో, అంటే పాత ఇరుకు వీధుల పేటల్లో, చెక్కడపు ఇళ్ళు ఉన్నవారు ఇంటిని కూల్చకుండా బాగుచేసుకుంటే, ఆ స్థలంలో వారు కట్టుకోకుండా వదులుకున్న అంతస్తుల హక్కును వేరొకచోట కట్టుకునేవారికి అమ్ముకోవచ్చు. ఆ సొమ్ము మరమ్మతుకు వస్తుంది. మన రాష్ట్రంలో రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి టీడీఆర్ బాండ్లు, అంటే ఇలా అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రాలు ఇస్తున్నారు కదా, ఇలాంటి మామూలు పాత ఇంటిని నిలబెట్టినవారికి కూడా ఇస్తే ఫ్లాటుసుఖం గారి లెక్కకు జవాబు దొరుకుతుంది.

ఫ్లాటుసుఖం
అది వచ్చిన రోజు నేను కూడా పక్షం మారుస్తాను. అప్పటి వరకు కోనేటిగట్టు గారి అన్నయ్యగారి పక్షమే.

పెంకుటింటి_కోడలు
ఇల్లు బాగుచేశాక హోంస్టే పెట్టమని ఇంకా ఎవరూ సలహా ఇవ్వలేదేమి? మా ఊరిలో ఒకాయన అలాగే చేశారు. ఉన్న అద్దెదారులను పంపేసి, మండువాలో ఇత్తడి గంగాళం పెట్టి పూలు తేలవేసి, గోడకు ఎడ్లబండి చక్రం తగిలించారు. సంక్రాంతి వారం నిండుతుంది, మిగతా ఏడాదంతా కాపలావాడు నిద్రపోతాడు.

రెండో_వాటా
మనుషులు కాపురం ఉంటేనే పాత ఇల్లు నిలుస్తుంది. తలుపు మూసిన ఇంటికి చెదలు ముందు వస్తాయి, తాళం తరువాత తుప్పు పడుతుంది.

వీణతంతి
ఇంతవరకు చదువుతూ ఉన్నాను, ఒక మాట చేర్చాలనిపించింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైన తరువాత బయటి ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు కొందరు మా ముత్తాతగారి ఇంటి వీధి గదిలో అద్దెకు ఉండేవారట. ఆ గదికి వీధి వైపు ఒక తలుపు, నడవ వైపు ఒక తలుపు ఉండేవి, అద్దెదారు రాకపోకలకు ఇంటివారితో పని లేదు. అద్దెకు ఇవ్వడం అనేది ఈ ఇళ్ళకు తరువాత తగిలించిన అవసరం కాదు, కొన్నింటిని ఆ ఆలోచనతోనే కట్టారు. అందుచేత మూడు వాటాలను ఎలా విడదీయాలో కొత్తగా గోడలు లేపే ముందు, పాత తలుపులు ఎక్కడ ఉండేవో చూడండి. మా ఇంటిలో ఇటుకలతో మూసేసిన తలుపు ఒకటి బయటపడింది, దానితో వెనుక వాటాకు విడి దారి దొరికింది, ఒక్క గోడ కూడా కొత్తగా కట్టవలసిన పని పడలేదు.

గుమ్మాల మీద రంగు గురించి కూడా. పనివారు ఇసుక కాగితపు యంత్రం పట్టుకొస్తే వద్దని చెప్పండి, చిలక ముక్కు మొదట పోయేది దానికే. మా గుమ్మం మీద ఆకుపచ్చ ఎనామిలు, దాని కింద నీలం, ఇంకా కింద ముదురు గోధుమ రంగు ఉండేవి. ఎనామిలు కరిగించే మందు కుంచెతో పూసి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో గాడిలోంచి లాగుతూ తీశాము. అడుగున తామర రేకుల మధ్య పసుపు రంగు కనిపించింది. అది తీయకుండా అలాగే ఉంచి, మీద అవిసె గింజల నూనె మాత్రం పట్టించాము.

కోనేటిగట్టు
వీణతంతి గారు చెప్పినది చదివి వెళ్ళి చూస్తే, మా మూడో వాటా వంటింటి గోడలో కూడా ఒక ద్వారబంధం ఆకారం ప్లాస్టరు కింద ఉబ్బెత్తుగా తెలుస్తోంది. అది పెరటి సందులోకి తీస్తే బాత్రూముల దారి సమస్య తీరిపోతుంది.

మిద్దె గదిలో దూలానికి బాదులతో ఆసరా పెట్టించాను, ఆ గది ఖాళీ చేయించి, మా ఇంటి రెండో వాటావారికి ఆ మేరకు అద్దె తగ్గించాను. ముగ్గురు అద్దెదారులతోనూ కూర్చున్నాము. పంతులమ్మ గారు సర్దుకోము, ముందు బాత్రూము కావాలని స్పష్టంగా చెప్పారు. అన్నయ్యతో మాట్లాడితే, పడగొట్టే మాట మూడేళ్ళు వాయిదా వేయడానికి ఒప్పుకున్నాడు, డబ్బు మాత్రం ఇవ్వనన్నాడు. పని మూడు విడతలుగా అనుకుంటున్నాను: ఈ ఏడాది మిద్దె, దూలం, వైరింగు, వచ్చే ఏడాది బాత్రూములు, ఆ పైన ప్లాస్టరు.

రెండో_వాటా
పంతులమ్మ గారు ముందు బాత్రూము అన్నారు, మీరు రెండో ఏడాదికి వేశారు.

రాజాం_ఆర్కిటెక్ట్
దూలం, మిద్దె, వైరింగు ఆగవు, వాటిని వెనక్కి వేయలేరు. కానీ ముందు వాటా వరకు ఒక బాత్రూము ఈ ఏడాదే కట్టవచ్చు. పెరటి సందులోకి ఆ పాత తలుపు తీస్తే మురుగు గొట్టం ఒక్కసారే వేయాలి, మిగతా రెండింటికీ దానికే కలుపుతారు. ప్లాస్టరు కోసం చెక్కడం మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి, గోడ ఆరడానికి ఎంత ఎక్కువ కాలం దొరికితే అంత మంచిది.

కోనేటిగట్టు
అలాగైతే ముందు వాటా బాత్రూమును ఈ ఏడాదిలోకి తెచ్చి, వైరింగును వాటాల వారీగా చేయిస్తాను, తడి గోడలున్న రెండు వాటాలు ముందు. తాపీ_సూరి గారూ, మిద్దె పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

తాపీ_సూరి
సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఉగాది లోపల ముగించాలి. అక్టోబరు, నవంబరులో తుపాను భయం, ఏప్రిల్ దాటితే ఎండకు సున్నం తొందరగా ఆరిపోయి బీటలు తీస్తుంది, దానిని రోజుల తరబడి తడి గోనెలు కప్పి ఉంచాలి. రాతి సున్నం ఇప్పుడే తెప్పించి తొట్టిలో నీళ్ళు పోసి నానబెట్టండి, పైన ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి, గాలి తగలకూడదు. సున్నం ఎంత నానితే అంత జిగురు. నానబెట్టేటప్పుడు బాగా కాగి చిమ్ముతుంది, పిల్లల్ని ఆ పెరట్లోకి రానివ్వకండి. ఇసుక ఏటి ఇసుక, జల్లించినది తెప్పించండి, ఉప్పు ఇసుక దించి మీకు ఏటి ఇసుక అని చెబుతారు, గ్లాసు నీళ్ళలో వేసి రుచి చూసి మరీ దింపించుకోండి.

పెంకుటింటి_కోడలు
ఈ చర్చ మొదలైనప్పటి నుంచి గోడ నాకమంటున్నారు, ఇసుక నీళ్ళు తాగమంటున్నారు. భోజనం కూడా అక్కడే పెట్టిస్తారేమో చూడండి కోనేటిగట్టు గారూ.

తాపీ_సూరి
పని జరిగినన్నాళ్ళూ మాకు రెండు పూటలా టీ పెట్టిస్తే చాలు. మిద్దె కొట్టే రోజున దిమ్మిస పట్టడానికి కనీసం ఎనిమిది మంది కావాలి, ఆ పని తెలిసినవారు మా ఊరిలో ఇంకా ఉన్నారు, ముందు వారం చెబితే తీసుకొస్తాను.